కంప్యూటర్‌కు గీత నేర్పిన అంజిలయ్య

ఇబ్రహీంపట్నం బస్టాండ్ పక్కన నీలమ్మ చాయ్ హోటల్ల కూసొని, బొమ్మలన్నీ కంప్యూటరే గీస్తుంటే ఇంక గోడల మీద బోర్డులు రాసేటోనికి పనెక్కడిదని వీరస్వామి అన్నడో లేదో, అంజిలయ్య కుంచెల సంచి బల్ల మీద పెట్టిండు.

"దానికి గీత నేర్పిందే నేను. ఆదిబట్ల కాడ ప్లాట్లమ్మే ఆఫీసుకు బోర్డు రాయనీకి పోయిన. లోపట జయకృష్ణ అని ఆంధ్రా సారు, కంప్యూటర్ల ఇల్లు కట్టి, దాన్ని చేత్తోని గీసిన బొమ్మ లెక్క మార్చే సాఫ్ట్‌వేర్ చేస్తున్నడు. సూస్తే ఏమున్నది, ముందుగోడ గీతలు, ఎనకగోడ గీతలు అన్నీ కలిసి ఇల్లు కోళ్ల గంప లెక్కున్నది. సారూ, కంటికి కనబడంది ఎందుకు గీస్తున్నవ్, ఎనకయి తీసెయ్, దగ్గరియి లావు గియ్యి, దూరమయి సన్నగ గియ్యి అన్న. గంతే, సారు లేసి కుర్చీ నాకిచ్చిండు."

"కుర్చీ ఇచ్చిండా?" అన్నది నీలమ్మ.

"ఇయ్యక? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? నేను గాలిల వేలు తిప్పుతుంటే, కంప్యూటర్ నా వేలును సూసి గీసుడు సురువు చేసింది. ఆ ఇంటి మీద పిట్టలొచ్చి వాలినయ్. ప్లాటు కొననీకొచ్చినాయన తెర ముంగట చెప్పులిడిచి, గడప దాటబోయి నుదురు కొట్టుకున్నడు. గప్పుడు ఇంటి ముంగట రోడ్డు గీసినం. ఎంత సక్కగొచ్చిందంటే, నాదర్‌గుల్‌ల ఇమానం నడుపుడు నేర్చుకునే పిల్ల పైకెల్లి ఆఫీసు కిటికీల ఆ తెర సూసి, గిదే రన్‌వే అనుకొని ఇమానం దించనీకొచ్చింది. అడ్డం కరెంటు తీగలు గీసి ఉన్నయ్. రెక్కకు తాకుతయని నేనే రబ్బరు వట్టుకొని తుడిచిన. కుంచె పట్టినోని పని ఖతమన్నోన్ని పోయి గా పిల్లనడుగుమను. సారు నౌకరి ఇస్తనన్నడు. నేనే వద్దన్న."

మూలకు కూసొని చాయ్‌ల బన్ను ముంచుకుంటున్న రమ తలెత్తింది. గదే ఆఫీసుల ఊడ్చే పని ఆమెది.

"అంజన్నా, ఆ దినం నేను గా రూముల్నే ఉన్న. సారు నీతోని మాట్లాడింది ఒక్కటే మాట. కంప్యూటర్ వైరు తొక్కినవ్, జర జరుగుమన్నడు."

వీరస్వామికి చాయ్ పొలమారింది. నీలమ్మ పొయ్యి దిక్కు తిరిగి నవ్వింది. అంజిలయ్య చెవులు ఎర్రబడ్డయ్ గని, తల మాత్రం దించలే. ఉన్న చాయంత తాగి, రమ దిక్కే సూసిండు.

"అవ్, జరిగిన. కాదంటనా? నేను జరిగినంకనే గద కంప్యూటర్ నడిచింది. మరి నడిపించిందెవరు?"