దైవాధీనం విమానం ఆపిన వైనం

నవ్వితే చెప్పను బావా, ముందే చెప్తున్నా. మా అమ్మాయి సుచిత్ర కంప్యూటర్లో పెట్టిన ఆట విమానం అది. నిజం విమానానికి ఉన్నవన్నీ ఉన్నాయి దానికి, బ్రేకు ఒక్కటే పట్టి చావదు.

ఆటకి అంత పట్టుదల ఎందుకంటావేంటి? ముప్పై ఏళ్లు బందరుకీ అవనిగడ్డకీ బస్సు తోలినవాణ్ణి. మీ చెల్లెలు సువార్తమ్మ ఒక్కసారి ఎక్కింది, పెళ్లయిన కొత్తలో. చల్లపల్లి దాటాక గేదె అడ్డమొచ్చి బ్రేకు కొడితే, ఒళ్లో ఉన్న గిన్నెలో చేపల పులుసు చీర మీద ఒలికింది. అప్పట్నుంచీ చర్చిలో, పెళ్లిళ్లలో ఒకటే మాట, "ఈయనకి నడపడం వచ్చుగానీ ఆపడం రాదు" అని. నువ్వూ విన్నావుగా. ఎంత చిన్నతనం చెప్పు నాకు.

అందుకే ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని, విమానాన్నే మెత్తగా ఆపి చూపిద్దామని.

ఆ విమానం ఫైల్లో బ్రేకు బలం అని ఒక అంకె ఉంటుంది. ఒకటి ఉంటే గన్నవరం రన్‌వే దాటి పొలాల్లోకి పోయాను. రెండు చేశా. ముక్కు నేలకి తగిలి తోక పైకి లేచింది. ఒకటిన్నర చేశా, ఇంకా కుదుపే. మూడు వారాలు కుస్తీ పట్టి ఒకటి పాయింట్ నాలుగు దగ్గర దారికి తెచ్చాను. బ్రేకుకి కీబోర్డు మీద చుక్క మీట నొక్కితే చాలు, గ్లాసులో కాఫీ కూడా తొణకదు.

నిన్న మధ్యాహ్నం కూర్చోబెట్టా. సంచీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. చక్కగా దిగాం. చక్రాలు నేల తాకిన చప్పుడు వినపడిందో లేదో, "ఏమండీ ఆపండి, ఆపండి" అని మొదలెట్టింది.

ఇంకేముంది. మీట గుర్తుంటుందా? ముప్పై ఏళ్లు బ్రేకుకి అలవాటు పడ్డ కాలు. బల్ల కింద ఒక్క తొక్కు తొక్కాను. అక్కడ పెడల్ ఎక్కడిది? కంప్యూటరుకి కరెంటిచ్చే యూపీఎస్ ఉంది. దాని బటన్ మీద పడింది కాలు. తెర మొత్తం నల్లగా అయిపోయింది, ఇంజను మోతా ఆగిపోయింది.

చచ్చాను ప్రభువా అనుకున్నా. మీ చెల్లెలు కళ్లు తెరిచింది. "అప్పుడే ఆగిందా? ఆగినట్టే తెలీలేదండీ" అంది. ఎంత ప్రేమగా అందో తెలుసా బావా. పక్కవీధి ఇంద్రజకి ఫోన్ చేసి కూడా చెప్పింది.

నేను కాదనలేదు. ఎలా కాదంటాను? ముప్పై ఏళ్లకి వచ్చిన మెప్పు, చేతులారా పోగొట్టుకోమంటావా? ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లందర్నీ తీసుకొస్తానంటోంది, చూడ్డానికి.

రానీ. మళ్లీ యూపీఎస్సే తొక్కుతాను.