సంతోషికి వేసిన విస్తరి

గట్ల గుడ్లురిమి చూడకు. కట్టు కదిలితే మళ్ల కోయాల్సి వస్తదన్నడు డాక్టరు. నర్సు కూడా నీకు చెప్పింది గద, "నర్సింగ్ భాయ్, దవడకు తీగలు చుట్టినం, నోరు తెరవద్దు" అని. ఇన్నేండ్ల కాపురంల నేను మాట్లాడుతుంటే నువ్వు వినుడు ఇదే మొదలు. ఇంకెప్పుడు చెప్పాలె మరి?

దాండీకి ఒక్కదాన్నే పోవుడే తప్పంటివి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఊరు, మనముండే సూరత్ నుంచి ఎంత దూరమని? నవ్‌సారి దాకా రైలు, ఆడికెల్లి ఆటో. సముద్రం దిక్కు మౌక్తికాబెన్‌ది పెంకుల కాటేజీ. పక్కింటి నీరజ ఫోన్‌ల బుక్ చేసిచ్చింది. నీకు భజనోళ్లతో డాకోర్ గుడికి పోతున్న అని అబద్ధం చెప్పిన, ఒప్పుకుంట. నిజం చెప్తే మన గోడాదరా గల్లీ దాటనిచ్చేటోడివా?

నేను పోయింది షికారుకు కాదు. పెద్దల దినాలల్ల నవమి అది. ముత్తైదువగ పోయినామెకు ఆ రోజే పెట్టాలె. నీ మొదటి పెండ్లాం సంతోషికి నేను కాక ఎవరు పెడ్తరు?

మన పెండ్లి నాడు మీ అమ్మ ఎల్లవ్వ నా పుస్తెల పక్కన సంతోషి పేరున బంగారు బొట్టు గుచ్చింది. ముందల అక్కకు పెట్టి తర్వాత నువ్వు తిను బిడ్డా అన్నది. నేను మొఖమే చూడని అక్క. ఏ ఊరి పిల్ల, ఏ రంగు చీర ఇష్టం, బట్ట నేసే సాంచె నడుపుకుంట ఏ పాట పాడేది, అన్నీ అత్తను అడిగి అడిగి మతిల పెట్టుకున్న. ఈ ఇంట్ల పోయినోళ్లందరి పేర్లు నా నోట్లనే ఉన్నయి. నీకొక్కటన్న యాదికున్నదా?

ప్రతి యేడు నేను ఆమెకు విస్తరి వేసుడు, నువ్వొచ్చి కాలుతో తన్నుడు. అన్నమంతా గోడకు. నేను కూసొని మెతుకులు ఏరుకునుడు. నడుస్తున్న సాంచెల కొంగు చిక్కి అక్క చచ్చిపోయింది గద, పాపం, ఆ బాధకు చూడలేకపోతున్నవ్ అనుకున్న. ఎంత పిచ్చిదాన్ని. నీ మనసు కుదుటపడాలని సోమవారాలు ఒక్కపొద్దులు ఉన్న.

కాటేజీల రెండు విస్తర్లు వేసిన. ఒకటి అక్కకు, ఒకటి నాకు. పప్పు, గారెలు, పరమాన్నం. అక్క ముందర ఆకుపచ్చ చీర, గాజులు. మొక్కుదామని వంగిన్నో లేదో నువ్వు తన్నిన తలుపు దబ్బున గోడకు తగిలింది. నీరజ పిల్లల ముందట ఆమె జుట్టు పట్టుకొని నా జాడ అడిగినవంట. సిగ్గనిపించలే?

రెండు విస్తర్లు చూసినవ్. అంతే. ఎవడే వాడు, ఎవనికి వడ్డించినవే అనుకుంట మంచం కింద ఎతికినవ్, బాత్రూంల ఎతికినవ్. ఎవడూ దొరకకపాయె, బెల్టు నా మీద లేసింది. వీపు చిట్లింది. చెవి పక్క నుంచి నెత్తురు పరమాన్నంల పడ్డది. అయినా నాకు నవ్వొచ్చిందయ్యా. అది సంతోషక్క విస్తరి అన్న.

అప్పుడు చూసిన నీ మొఖం. దొంగను వెలుతుర్ల నిలబెట్టినట్టు.

నా మెడల చెయ్యేసి గుంజినవ్. తాడు తెగింది. అక్క బొట్టు బండల మీద పడితే మడమతో నలిపినవ్.

"దానికింకా చావు రాలేదా? సాంచె మీదికి దాన్ని నూకినట్టే నిన్ను సముద్రంల నూకుత."

నువ్వన్న మాటే. నా చెవులతో విన్న. కొంగు చిక్కలేదన్నమాట. నువ్వే నూకినవ్. నూకి, ఊరందరి ముందట ఏడ్చినవ్.

పొయ్యి పక్కన అల్లం దంచే ఇనుప దస్తా ఉండె. నా చేతికి ఎట్ల వచ్చిందో. గుడి ముందట కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది.

మౌక్తికాబెన్ మంచిది. మెట్ల మీద జారి పడ్డడని పోలీసోళ్లకు చెప్పింది. సాయంత్రం పోలీసు జమాదారు నిన్ను అడుగుతడంట, అవునంటే తల ఊపాలె. నువ్వు ఊపుతవ్, నాకు ఎరుకే. జారి పడ్డ అంటే ఇద్దరం ఇంటికి పోతం, సంతోషి సాంచెల పడి చచ్చినట్టే ఉండిపోతది. గందుకే గద పొద్దటి నుంచి నా చెయ్యి వదుల్తలేవు?

వదులు. నేనే కొట్టిన అని చెప్త. ఎందుకు కొట్టినవమ్మా అని అడుగుతరు గద. అడగాలె. అడిగితేనే సంతోషక్క పేరు ఠాణాల వినపడతది. జైలంటవా? ఉండనీ.

ఇంకొక మాట. నీకు మొదటి దెబ్బే యాదికుంటది, తర్వాత సోయి లేదు నీకు. అది కోపంల పడ్డది. నువ్వు కింద పడ్డంక దస్తా పక్కన పెట్టిన. చేతులు కడుక్కున్న. మన కులదేవుడు మార్కండేయునికి మొక్కిన. గప్పుడు కోపం లేదు, వణుకు లేదు.

మళ్లొచ్చి ఇంకొకటి కొట్టిన.