పరగడుపున

అలా గోడవైపు తిరిగి పడుకుంటే కడుపు నిండుతుందా అండీ? నా మీద కోపమెందుకు? రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నది డాక్టరమ్మగారు, నేను కాదు. బరువు తగ్గడానికి పొట్ట సగానికి పైగా కోసి తీసేస్తారట, అది ఖాళీగా ఉండొద్దూ?

ఇటు తిరగండి. గదిలో ఎవరూ లేరు. పక్క మంచం ఆయన్ని ఇందాకే తీసుకుపోయారు.

అబ్బ, ఏం చూపండీ అది! రెండు వారాల నుంచీ ఇదే చూపు. ఆపరేషన్‌కి ముందు కాలేయం చిన్నదవ్వాలని, పొడి కలిపిన నీళ్ళు తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నారు. ఆ గ్లాసు మీ ముందు పెట్టి, ఎదురుగా కూచుని నేను వేడివేడిగా అన్నం తిన్నాను. మన బల్ల దగ్గర ఆ రెండో కుర్చీలో నేను కూచోవడం అదే మొదలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు తిని లేచేదాకా గరిటె పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డమే కదా నా పని.

ఉప్పు తగ్గిందని ఓసారి కంచం ఆ గోడకేసి విసిరారు. ఆ మరక ఇంకా ఉంది, సున్నం వేయించినా పైకి తేలుతూనే ఉంది.

మీ చెల్లెలు వచ్చినప్పుడు ఏమన్నారు? "ఇదిగో మా ఎండుపుల్ల. నాలుగో తరగతి మొద్దు. వంట రాదు, కనీసం ఒక అబద్ధమాడ్డం కూడా చేతకాదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగోదు కదా.

మరి మీ కాటా దగ్గర వాళ్ళు నవ్వినప్పుడు మీరు నవ్వలేదేం? రోజంతా లారీలు తూచే మనిషిని, లారీ దిగిపోగానే ఆ కాటా మీదే నిలబెట్టి, "బండి ఖాళీయా, లోడా?" అని అరిచారట. మీరే చెప్పారు, ఏడుస్తూ. ఆ సాయంత్రమేగా ఆపరేషన్ చేయించుకుంటానన్నారు! నాకు జాలేసిందండీ. నిజం. కాసేపు.

తర్వాత ఈ రెండు వారాలు వచ్చాయి.

"కొంచెం పెట్టవే" అన్నారు. "ఒక్క ముద్దే, నీకు దణ్ణం పెడతా" అన్నారు. నాకు! వంటింటి గడప దగ్గర, అంత మనిషీ చేతులు చాచి. నేను తలుపేసి లోపల గొళ్ళెం పెట్టుకుని, "వినబళ్ళేదండీ" అని ఆ మాట రెండోసారి కూడా అనిపించుకున్నాను.

ఏంటీ? కళ్ళు తిరుగుతున్నాయా? అయ్యో.

ఇవిగో. నా సంచీలో ఉన్నాయి, బిస్కెట్లు. మీకిష్టమైనవే, మధ్యలో క్రీము ఉండేవి. ష్, కాగితం నేను విప్పుతా, చప్పుడు చెయ్యకండి. ఏం కాదులెండి, రెండు బిస్కెట్లకి ఏమవుతుంది? తినండి. ఇంకోటి తీసుకోండి. మెల్లగా, మెల్లగా, ఎవరూ లాక్కోరు. నా బంగారం! ఏమన్నారూ, బాగున్నాయా? ఇన్నేళ్ళలో నా చేత్తో పెట్టింది తిని మీరు బాగుందనడం ఇదే మొదటిసారి, తెలుసా?

అన్నీ అయిపోయాయా? ఉండండి, మూతి తుడుస్తా. చొక్కా మీద బిస్కెట్ల పొడి ఉండనివ్వండి, పరవాలేదు.

అదిగో, నర్సమ్మ చెప్పుల చప్పుడు. వచ్చి అడుగుతుంది, ఏమైనా తిన్నారా అని. నిన్న నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. తింటే దాచొద్దమ్మా, మత్తులో వాంతయితే ప్రాణం మీదకొస్తుంది, తిన్నారని తెలిస్తే వాయిదా వేసేస్తాం, మళ్ళీ మొదట్నుంచీ రెండు వారాలు ఆ పొడి నీళ్ళే అని.

చెయ్యి వదలండి. అలా పిసుకుతారేం, నొప్పెడుతోంది. ఏంటీ, చెప్పొద్దంటారా?

మరి ఎలాగండీ? అబద్ధమాడ్డం నాకు చేతకాదుగా. మీరే అన్నారు.

రండి నర్సమ్మా, లోపలికి రండి.