జోగినాయుడి ఇంటి రేకుదోనె

అసిరమ్మ అని ఉండేదంట, పెంకులు నేసే గురయ్య పెళ్ళాం. మొగుడు ఇంటికప్పు మీద కూచుని పెంకు పేరుస్తుంటే ఈవిడ నెత్తిమీద తట్టతో నిచ్చెనెక్కి అందించేది. అలా ఎక్కీ ఎక్కీ ఏ ఇల్లు ఎక్కడ కారుతుందో కిందనుంచి చూసి చెప్పేసేదనుకోండి. ఆ ఊళ్ళో జోగినాయుడిది పెద్ద ఇల్లు. ముందో పెంకుటిల్లు, వెనకో పెంకుటిల్లు, రెంటి చూర్లూ కలిసేచోట ఒక రేకుదోనె. రెండు కప్పుల మీద పడ్డ వానంతా ఆ దోనెలోకే దిగాలి, దోనె చివరనుంచే పెరట్లో పడాలి. మరో దారి లేదు. పైనేమో చింతచెట్టు. చింతాకు ఎలా రాలుతుందో మీకు నేను చెప్పాలా?

ఏమైందంటే, ఒక ఏడు గురయ్య ఆ ఇల్లంతా తిరగనేసేడు. దిగొచ్చేక అసిరమ్మే నాయుడితో చెప్పిందంట, బాబూ, ఆ దోనెలో ఆకు ఏటేటా వానలకి ముందొకసారి, వానల మధ్యలో ఒకసారి ఎవరిచేతైనా తీయించండి, ఆకు పట్టేసిందంటే నీళ్ళు నిలబడిపోతాయి, నిలబడ్డ నీళ్ళు వెనక్కి తిరిగి పెంకుల కిందకి దూరతాయి, మీవసలే మట్టిగోడలు అని. సరేలే అన్నాడు నాయుడు. మరుసటేడు ఈవిడే వెళ్ళి మళ్ళీ చెప్పింది. సరేలే. ఆ పైయేడూ చెప్పింది. సరేలే, నీకింకేం పని లేదా అన్నాడంట. చెప్పడమే తప్పయిపోయింది, చూడండి.

ఆ యేడే భాద్రపదంలో ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదనుకోండి. మొదట దోనె కిందున్న నడవగోడ చెమ్మ కట్టింది. తరవాత వాసాలు నల్లబడ్డాయి. ఆ తరవాత నీళ్ళు గోడమీంచి ధారకట్టేయంట. నాయుడు ఏం చేసేడు? తపేలా పెట్టించేడు. నిండితే పారబోయించి మళ్ళీ పెట్టించేడు. నిచ్చెనేసి పైకి చూసేడా? చూడలేదు. నాలుగోనాడు పొద్దున్నే గోడ నానిపోయి సగానికి సగం కూలబడింది. ఆ గోడవారనే నాయుడి తల్లి చిన్నమ్మి మంచం. ముసలావిడ అప్పుడే పళ్ళు తోముకోడానికి పెరట్లోకి వెళ్ళింది గనక బతికింది, మంచం మాత్రం నుగ్గునుగ్గయిపోయింది.

ఇక చూడండి నాయుడి న్యాయం. ఆ వానలోనే గురయ్యని పిలిపించేడు. పదిమందినీ పోగేసేడు. వీడు పెంకు సరిగ్గా పేర్చలేదు, మా అమ్మని చంపబోయేడు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ వీణ్ణి కప్పెక్కనివ్వకండి అన్నాడంట. గురయ్య మెతకమనిషి. తడికండువా చేతుల్లో పిసుక్కుంటా, "నాదే తప్పు బాబూ" అన్నాడు. తప్పు చేసినవాడు అరుగుమీద కూచున్నాడు, చెయ్యనివాడు వానలో నిలబడి ఒప్పుకుంటున్నాడు. ఆ మాట చెవిన పడేసరికి వెంటొచ్చిన అసిరమ్మకి ఒళ్ళు భగ్గుమందంట. ఆ ఇంటి పెంకు సంగతి ఆవిడకి తెలీదా? ప్రతి పెంకూ ఆవిడ నెత్తిమీంచి వెళ్ళిందే కదా.

పశువులశాల దగ్గరున్న నిచ్చెన తెచ్చి చూరుకి ఆనించింది. కొంగు బిగించి ఎక్కేసింది. నాయుడు దిగు దిగు అంటానే ఉన్నాడు, ఈవిడ వింటేనా. దోనెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగితే ఏమొచ్చిందనుకున్నారు? కుళ్ళిన చింతాకు, చాపలా అట్టకట్టేసి. కాకిగూటి పుల్లలు. ఆ ఆకులోనే మొలిచిన చింతమొక్కలు, జానెడేసి, వేళ్ళతో సహా వొచ్చేయంట. ఒక్కోటీ లాగి నాయుడి ముందు వాకిట్లో పడేసింది. ఆఖరి ముద్ద కదిలేసరికి నిలబడిపోయిన నీళ్ళన్నీ భళ్ళున పెరట్లోకి దూకేయి. నడవలో కారుతున్న ధార చూస్తుండగానే సన్నబడి ఆగిపోయింది.

అప్పుడు పైనుంచే అడిగిందంట, "ఇవి మొలవడానికి ఎన్నాళ్ళు పట్టిందో మీరే చెప్పండి బాబూ" అని. పదిమందీ ఆ మొక్కల్నే చూస్తున్నారు. ముసలావిడ చిన్నమ్మి ఒక మొక్క చేతిలోకి తీసుకుని, మూడేళ్ళు చెప్పింది కదరా అసిరమ్మ, అందంట కొడుకుతో. అసిరమ్మ మొగుడికేసి తిరిగింది. "ఇందాకన్న మాట వెనక్కి తీసుకో. తీసుకుంటేనే దిగుతాను" అంది. గురయ్య నాయుడి మొహం చూసేడు, పెళ్ళాం మొహం చూసేడు. నా తప్పు కాదు అన్నాడంట, మెల్లగా. గట్టిగా అనమంది. అన్నాడు. అప్పుడు దిగింది.

ఊళ్ళోవాళ్ళు గురయ్యని పిలవడం మానలేదు. ముసురు తెరిపివ్వగానే నలుగురు పిలిచేరు. నాయుడు గోడ పెట్టించేడు, తల్లికి కొత్త మంచం చేయించేడు, అన్నీ చేసేడు. మరుసటేడు వానలకి ముందు పాలేరుని పంపేడంట, దోనెలో ఆకు తీయడానికి గురయ్యని రమ్మని. అసిరమ్మ ఏమందంటే, తప్పు నాదేనని మీ నాయుణ్ణి పదిమందిలో ఒక్కమాట అనమను, కూలి కూడా వొద్దు, వొచ్చి తీస్తాం అంది. అనలేదు. ఎక్కణ్ణించో వేరే మనిషిని పిలిపించుకున్నాడు గానీ ఆ మాట అనలేదు. పోయేదాకా అనలేదంట. గురయ్య నోట్లోంచి చూడండి, చెయ్యని తప్పు ఎంత సులువుగా వొచ్చేసిందో. ఇన్నేళ్ళనుంచీ చెబుతున్నా నాకు మండేది అక్కడే. సరే, కథకేం, అయిపోయింది. మీలో ఎంతమంది ఈ ఏడు చూరెక్కి దోనెలో చెయ్యి పెట్టేరు? చూసేరా, అందరూ కప్పుకేసే చూస్తున్నారు.