గీత దాటిన ఎరుపు

పెడనలో కనకరత్నం ఇంటి అరుగు. ఆర్నెల్ల కిందట ఆమెను పనిలోంచి తీసేసిన అద్దకం షెడ్డు యజమాని భుజంగరావు ఆహ్వానపత్రం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది ఆయనకు మర్యాద ముంచుకొచ్చింది.

"అది కాదు కనకరత్నం గారూ, ముందు నేను చెప్పేది..."

"గారా? ముప్ఫయ్యేళ్ళు మీ షెడ్డులో అద్దకం చేశాను. ఒక్కనాడూ లేని గారు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?"

"అలా దెప్పకు... దెప్పకండి. ఆదివారం బందరులో మన కలంకారీ కళాకారుల విజయోత్సవం. ఏడాదంతా ఏడ్చాం కదా! వానలకి గుడ్డ ఆరలేదు, ఉతుకుదామంటే కాలవ నిండా బురద, ఒక్క ఎగ్జిబిషనూ జరగలేదు. అందుకని అందరి విజయాలూ సభలో చదివిద్దామని."

"విజయాలెక్కడివండీ?"

"ఎందుకు లేవు? నాంచారయ్య చెక్కిన అచ్చుని హైదరాబాదు హోటల్లో గోడకి తగిలించారు."

"అచ్చుతో గుడ్డ మీద అద్దాలి గానీ, గోడకి తగిలిస్తే ఏమొస్తుంది?"

"గౌరవం. మోహనకృష్ణ వీడియో యాభై వేలమంది చూశారు."

"గుడ్డ ఎంతమంది కొన్నారు?"

"చూశారన్నాను. ఇక విక్రమ్..."

"అద్దకం మానేసి గుడివాడలో సెల్‌ఫోన్ల షాపులో చేరాడుగా!"

"అదే. వృత్తి మార్పిడిలో విజయం. అతనికీ ఓ శాలువా."

"బానే ఉంది. మరి నన్ను పనిలోంచి తీసేశారే, అది ఏ విజయం కింద రాశారు?"

"అక్కడికే వస్తున్నా. నువ్వు ఆఖర్న అద్దిన దుప్పటి లేదూ..."

"ఏది? రంగు గీత దాటిపోయిందని నలుగురి ముందూ నా మొహాన విసిరికొట్టారే, అదా?"

"విసరలేదమ్మా. చెయ్యి జారింది."

"ఆ రోజు నా ప్రాణం చచ్చిపోయిందండీ. తిన్నగానే అద్దాను మొర్రో అంటే విన్నారా?"

"దానికి ఢిల్లీ పోటీలో మొదటి బహుమతి వచ్చింది."

"ఆఁ!"

"మూటలో కలిసిపోయి పొరపాటున... అంటే, ఏరికోరి పంపించాం. జడ్జీలు దాని ముందు అరగంట నిలబడిపోయారట. గీత దాటిన ఎరుపంతా కట్ట తెగిన కృష్ణమ్మట. 'వరద వేదనకు వస్త్రరూపం' అని భీమశంకరం మాస్టారు సన్మానపత్రం కూడా రాసేశారు."

"ఎవరి సన్మానపత్రం?"

"బహుమతి నా పేరు మీద వచ్చిందనుకో..."

"అనుకోవడమేంటండీ?"

"వచ్చింది. కానీ ఆదివారం ఆ జడ్జీలు సభకొస్తున్నారు. అద్దిన మనిషినే చూడాలట. స్టేజీ మీద బల్ల వేయిస్తాను. అచ్చం అలాగే ఓ మూరెడు అద్ది చూపిస్తే చాలు. రెండొందల దుప్పట్ల ఆర్డరు దానిమీదే ఉందమ్మా."

"మరి నా పని?"

"సోమవారం నుంచి నీ బల్ల నీదే."

"అది చాలదు. నా తప్పేం లేదని ఆ నలుగురి ముందూ చెప్పాలి."

"నాలుగొందలమంది ముందు, మైకులో చెప్తాను. సరేనా?"

"ఏదీ, ఆ ఆహ్వానం కార్డు మీదున్న ఫొటో నా దుప్పటిదేనా? ఇలా ఇవ్వండి... అయ్యో! ఇదేంటండీ? నెమలి ఒకచోట, రంగు ఒకచోట! ఇది నేనద్దానా?"

"నువ్వే."

"ఛీ ఛీ, ఎంత సిగ్గుచేటు! నాకప్పుడు తిన్నగానే కనపడిందండీ. మీరు అబద్ధాలాడుతున్నారని వీధంతా చెప్పుకుని ఏడ్చాను. తప్పు నాదేనన్నమాట."

"పోనీలే. ఆదివారం ఇలాగే అద్దు."

"ఎలా అద్దనండీ? నావల్ల కాదు."

"నీ చేత్తో చేసిందే కదమ్మా!"

"మీరు పని మాన్పించాక తీరికైంది కదా, కళ్ళ క్యాంపుకి వెళ్ళాను. రెండు కళ్ళకీ శుక్లాలు తీసేశారు. ఇప్పుడు అచ్చు పెడితే వెంట్రుకవాసి తప్పదండీ. మునుపటికంటే బాగా అద్దుతాను, ఒట్టు. సోమవారం రమ్మంటారా?... భుజంగరావు గారూ? వీధికేసి చూస్తారేం?"

"ఆలోచిస్తున్నాను. అద్దకం వచ్చినవాళ్ళలో, ఆపరేషను చేయించుకోనివాళ్ళు మీ వీధిలో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"