చుక్క నిలవని అద్దం

అద్దాల బాబాయికి రెండు గొంతులున్నాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. పని గురించి చెప్పే గొంతు ఒకటి. అది పొట్టిగా, పొడిగా, పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేలా ఉంటుంది. కోతలు కోసే గొంతు ఇంకొకటి. అది వీధి చివరన నిద్రపోతున్నవాడిని కూడా లేపి కూర్చోబెడుతుంది. వ్యానక్కకి ఆ రోజు మొదటి గొంతుతోనే పని. కానీ బాబాయి దగ్గర ఒకటి అడిగితే రెండోది కొసరుగా వస్తుంది మరి.

వ్యానక్క అంటే బడిపిల్లల్ని వ్యాన్‌లో దింపి తీసుకొచ్చే మనిషి. ముందు రోజు పొద్దున వానలో ఏం జరిగిందో ఆమె ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఎదురుగా వచ్చిన బస్సు ఒకటి గుంటలోని బురదనీళ్లన్నీ వ్యాన్ ముందద్దం మీద కుమ్మరించి పోయింది. వైపరు వేస్తే అద్దం శుభ్రపడకపోగా మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. ఆ తెలుపులోంచి ఒక సైకిలు, బండి ముక్కు ముందుకు వచ్చేదాకా కనపడలేదు. ఆమె బ్రేకు మీద దాదాపు నిలబడిపోయింది. సైకిలాయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనక సీట్లోంచి ఒక చిన్నపిల్ల మెల్లిగా, "ఆంటీ, నీక్కూడా కనపడలేదా?" అని అడిగింది. తిట్లు మర్చిపోయింది గానీ ఆ మాట మాత్రం ఆమెని వదల్లేదు.

అందుకే బడికి సెలవు చూసుకుని, వ్యాన్ తెచ్చి బాబాయి షెడ్డు ముందు ఆపింది. కార్ల అద్దాలు బిగించడం బాబాయి పని. ఆ షెడ్డు వసారాలోనే పిన్ని, అంటే బాబాయి భార్య, టీ కొట్టు నడుపుతుంది. పక్క దుకాణం టైలరు మిషను తొక్కినంతసేపు తొక్కి, మిగతా రోజంతా అక్కడి బల్ల మీదే ఉంటాడు.

వ్యానక్క సంచిలోంచి ఒక సీసా తీసింది. "ఎవరో చెబితే ఇది కొని అద్దం మీద కొట్టాను బాబాయ్. ఉన్న మసక ఇంకాస్త పెరిగింది."

బాబాయి మూత తీసి వాసన చూశాడు. "ఇది బండి రంగు మెరవడానికి. ఇందులో మైనం ఉంటుంది. అద్దానికి పనికిరాదు."

"మరి చుక్కలు నిలవకుండా వైపరు నీళ్లలో కలిపే మందుందట కదా?"

"ఉంది. వైపరు వేసినప్పుడల్లా కాస్త అంటుతుంది, కాస్త కొట్టుకుపోతుంది. ఏమీ లేనిదానికన్నా నయం."

"ఏళ్ల తరబడి ఉండేది కూడా ఉందన్నారు. ఖరీదెక్కువైనా ఫర్వాలేదు. పిల్లలెక్కే బండి."

బాబాయి అద్దం మీద గోరు నడిపించి చూశాడు. "నీది అరిగిన అద్దం తల్లీ. దీనికి అంతది దండగ." అని అలమారలోంచి అరచేతిలో పట్టేంత సీసా తీశాడు. "ఇది చాలు. ఈ వానలు గడిచిపోతాయి. చుక్కలు మళ్లీ నిలవడం మొదలుపెడితే, మళ్లీ రా."

అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. ఆ పొట్టి మాటలు వింటుంటే వ్యానక్కకి గుండెల మీది బరువు కొంచెం దిగినట్టనిపించింది.

బాబాయి ముందు సబ్బునీళ్లతో కడిగాడు. తర్వాత బంకమట్టిలాంటి ముద్దతో తడి అద్దాన్ని ఓపిగ్గా రుద్దాడు. శుభ్రంగా ఉందనుకున్న అద్దంలోంచి ముద్దకి నల్లటి జిడ్డు అంటుకుని వచ్చింది. వైపరు రబ్బర్లు ఎత్తి వాటినీ తుడిచాడు. అంతా పొడిగా ఆరాక, మడతపెట్టిన గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుని ఒక మూల నుంచి సున్నాలు చుడుతూ రాయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అంతా సవ్యంగానే నడిచింది. ఉన్నట్టుండి టైలరుకి నోరు దురద పుట్టింది.

"అన్నా, ఇది నిజంగా పనిచేస్తుందంటావా?"

పిన్ని టీ వడకడుతున్నదల్లా ఆగి, "అడిగావూ? ఇంక అనుభవించు" అంది.

"పనిచేస్తుందా అంటావేంట్రా!" బాబాయి రెండో గొంతు లేచింది. "ఆ మధ్య ఒక ప్లీడరు గారి కారుకి ఇదే రాశాను. రాసిన సాయంత్రమే వాన. ఆయన కోర్టు నుంచి ఇంటిదాకా వైపరు ముట్టుకోకుండా వచ్చాడు. దిగీ దిగగానే నాకు ఫోను. 'ఏమయ్యా, నా కారుకి అద్దం ఉన్నట్టా, నువ్వు తీసేసుకున్నట్టా?' అని!"

"అంతేనా?" అన్నాడు టైలరు. వ్యానక్క మాత్రం ఆ సంగతి నమ్మింది. నమ్మేలాగే ఉంది.

"అంతేనా అంటే? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అద్దం మీద పడ్డ చుక్కలు కిందికి జారలేదురా, భయపడి పైకి పరిగెత్తాయి, టాపు మీంచి దూకి వెనకొచ్చే కారు మీద పడ్డాయి, ఈలోగా వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది, ఆ వెనకవాడు మాత్రం ఇంకా వైపరు తిప్పుతూనే ఉన్నాడు! పాపం ఇంటికెళ్లి, 'ఊరందరికీ ఎండ, నా ఒక్కడికే వాన' అని పెళ్లాం దగ్గర భోరుమన్నాడట."

"వాడింట్లో వాడు ఏడిస్తే నీకెలా తెలిసింది?"

"వాడి బావమరిది చెప్పాడు. మధ్యలో అడ్డుపడకు." అని, అంతలోనే వ్యానక్క వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఇదిగో, ఇలా పొగలాగా మసక తేలాలి. తేలకముందే తుడిస్తే మందంతా గుడ్డకే పోతుంది." మళ్లీ నడుం నిటారుగా పెట్టాడు. "ఎక్కడున్నాం? ఆఁ, కాకి!"

"కాకి ఇంకా రాలేదన్నా."

"వచ్చేసింది. ఆగి ఉన్న కారు అద్దం మీద వాలదామని వచ్చింది. వాలితే కదా! జర్రున జారి బానెట్ మీద పడింది. సిగ్గుపడి పోతుందేమో అనుకున్నాం. పోలేదు. దానికి అది తెగ నచ్చేసింది. వెళ్లి అక్కచెల్లెళ్లని, పిల్లల్ని, మేనత్తల్ని పిలుచుకొచ్చింది. పొద్దస్తమానం వరసలో నిలబడి జారుడే జారుడు. ప్లీడరు గారు కోర్టుకి వెళ్దామంటే కాకులు దిగవే!"

"పోయినసారి చెప్పినప్పుడు అది పావురం" అంది పిన్ని, గ్లాసులు కడుగుతూ.

"పావురాలు తర్వాత వచ్చాయే. కాకుల్ని చూసి."

టైలరు బల్ల మీద దరువు వేశాడు. వ్యానక్క నవ్వాపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి చేతులు మాత్రం ఆగలేదు. మసక తేలిన చోటల్లా పొడిగుడ్డతో తుడిచి, కన్ను అద్దానికి ఆనించి పక్కగా చూసి, ఎక్కడైనా చార మిగిలితే మళ్లీ తుడిచి, రెండో పూత మొదలుపెట్టాడు. నోరు ఆకాశంలో తిరుగుతున్నా వేళ్లు అద్దం దాటి పోకపోవడం వ్యానక్క గమనించింది.

"ఇంకో సంగతి. ఆయన కారు పెట్టకూడని చోట పెట్టాడని ట్రాఫిక్ ఆయన వచ్చి అద్దం మీద చీటీ అంటించాడు. జారింది. జిగురు పెట్టాడు. జిగురూ చీటీ కలిసి జారాయి. అరచేత్తో అదిమిపెట్టాడు. చెయ్యి జారి ఆయనే రోడ్డు అవతల తేలాడు! సరే, మనుషుల సంగతి వదిలెయ్. ప్లీడరు గారి అత్తగారు ఉంది చూశావూ, ఆవిడ చూపు పడితే పచ్చటి చెట్టు మాడిపోతుంది. ఆవిడ వాకిట్లో నిలబడి, 'అల్లుడికి ఇంత మెరిసే కారా' అని ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చూపు అద్దం మీంచి జారి ఎదురింటి నీళ్ల ట్యాంకుకి తగిలింది. ట్యాంకు నిలువునా చీలింది!"

"చూపు కూడా జారిందా?"

"మందంటే మాటలనుకున్నావా?"

రెండో పూత తుడవడం అయింది. కాసేపు తడి తగలకూడదని బాబాయి అందరికీ ఇంకో విడత టీ పోయించాడు. తాగాక వ్యానక్కని డ్రైవరు సీట్లో కూర్చోమని, బకెట్టు తెచ్చి, మగ్గుతో అద్దం మీద నీళ్లు చల్లాడు.

వ్యానక్క స్టీరింగు గట్టిగా పట్టుకుంది. పడ్డ నీళ్లు పరుచుకోలేదు. పగిలిన ముత్యాల దండలా గుండ్రటి చుక్కలై దొర్లుకుంటూ పోయాయి. ఎదురుగా టైలరు దుకాణం బోర్డు మీది అక్షరాలు, చివరన పెచ్చు లేచిన సున్నాతో సహా, కడిగినట్టు కనపడ్డాయి. బోర్డు కింద ఒకడు సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు. సైకిలు గంట కూడా కనపడింది. ఆమె చేతులు వాటంతటవే వదులయ్యాయి.

"ఇంకోసారి పొయ్యండి బాబాయ్" అంది. పోశాడు. ఇంకోసారి అంది. మళ్లీ పోశాడు.

బాబాయి కిటికీ దగ్గరికి వచ్చి, "బండి జోరు మీదుంటే గాలికి చుక్కలు వాటంతటవే పోతాయి. నీది పిల్లల బండి, మెల్లగా పోతావు. వైపరు వేసుకోవాల్సిందే. మందుంది కదా అని ధీమా వద్దు" అన్నాడు.

"అలాగే" అంది వ్యానక్క. పిల్ల అడిగితే చెప్పడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఒక జవాబుంది.

నీళ్లు అంత బాగా జారేసరికి బాబాయికి రెక్కలు మొలిచాయి. మగ్గు బకెట్టులో పడేసి బల్ల ఎక్కినంత పని చేశాడు.

"చూశారుగా! ఇప్పుడు చెబుతా వినండి అసలైంది. పెద్దవాన పడ్డ రోజు వంతెన కింద నిలువెత్తు నీళ్లు. బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి, ప్లీడరు గారు ఆగలేదు, తిన్నగా తీసుకెళ్లి కారు ముక్కు నీళ్లలో పెట్టాడు, పెట్టాడో లేదో ఆ నీళ్లు మన అద్దాన్ని చూశాయి, చూసి 'అమ్మో, ఇదా!' అని సగం అటు, సగం ఇటు జరిగి గోడలు కట్టినట్టు నిలబడ్డాయి! మధ్యలో రోడ్డు ఎంత పొడిగా ఉందంటే, కారు వెనక దుమ్ము లేచింది. ఆ దుమ్ములో దగ్గుకుంటూ బస్సులూ లారీలూ వెనకాలే దాటేశాయి. రెండు పక్కలా నీటిగోడల్లోంచి చేపలు మూతులు ఆనించి చూస్తున్నాయి."

"వంతెన కింద చేపలెక్కడివన్నా?"

"అవీ బస్సు కోసం వచ్చి ఆగిపోయాయిరా! ఇంతకీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అద్దం మీద ఇవాళ్టిదాకా ఏదీ నిలవలేదు. చుక్క నిలవలేదు, దుమ్ము నిలవలేదు, కాకి నిలవలేదు, జిగురు నిలవలేదు, అత్తగారి చూపు నిలవలేదు. దానికి అంటుకోగలిగిన వస్తువు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!"

వ్యానక్క వ్యాన్ దిగి, అన్నీ శ్రద్ధగా విన్న మొహంతో అడిగింది. "ఏదీ అంటుకోదా బాబాయ్?"

"ఏదీ!"

"మరి మీరు రాసిన మందు ఎలా అంటుకుంది?"

టైలరుకి టీ పొలమారింది. బాబాయి బల్ల మీదున్న సీసా తీసి అటూ ఇటూ తిప్పి, సాయానికి ఏమైనా రాసి ఉందేమోనని చూశాడు. "అదీ... అంటే ఏంటంటే తల్లీ... మందు సంగతి వేరు..."

పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంటూ వసారా అంచుకి వచ్చింది.

"నేను చెబుతానుండు అమ్మాయ్. ఆ రోజు ప్లీడరు గారి అద్దానికి మందు అంటుకోలేదు. సీసా మొత్తం ఈయన నాలుక్కి రాసుకున్నారు. అప్పట్నుంచీ దాని మీద నిజం ఒక్క చుక్క నిలిస్తే ఒట్టు!"