పదమూడో ప్రశ్న

ఆ కుర్సీ నాకొద్దు తమ్ముడూ. కూకుంటే కోపం సల్లారిపోతాది. నువ్వు టీ తెప్పిత్తావు, టీ తాగేక మనిసి ఇంకేటి దెబ్బలాడతాది? నిలబడే అడుగుతాను, తిన్నగా జవాబు సెప్పు.

నీ టీవీ మా ఇంట్లో ఒరియా మాటాడతన్నాది. ఏటంటావు?

నవ్వకు. మూడు వారాలయ్యింది, నాకింకా నవ్వు రాలేదు. కాశీబుగ్గలో ఇన్ని టీవీ షాపులుండగా, తిరుపతిరావు మా టెక్కలోడు, సొంతూరి ఆడపడుసుని మోసం సెయ్యడు అనుకుని, సోంపేటలో బస్సెక్కి మరీ ఏరి ఏరి నీ గుమ్మం తొక్కేను. సొంతక్కనన్నట్టు అప్పా అప్పా అని సల్లటి సీసా సేతిలో పెట్టేవు. ఆ సేత్తోనే నెత్తిన సెయ్యి పెట్టేవు.

టీవీకి బాస ఉండదు, గాల్లో ఏదుంటే అదే పడతాది అంటావా? ఎంత బాగా సెప్పేవు. ఈ ముక్క నా నోట్లు లెక్కెట్టుకోకముందు సెప్పలేపోయేవా?

నేను అడగలేదా!

ఇదిగో, ఆ నోటుబుక్కు ఇప్పటికీ సంచిలోనే ఉంది, సూడు. పన్నెండు ప్రశ్నలు. నీ ముందే ఒక్కోటీ అడిగి, ఒక్కోదానికీ టిక్కు పెట్టేను. ఊరికే పుట్టేయనుకున్నావా ఆ ప్రశ్నలు? టీవీ కొనేవాళ్లకి సలహాలని పేపర్లో రాత్తే కత్తిరించి దాసేను. పకోడీల పొట్లం మీద పిక్చర్ ట్యూబు గురించి సగం కనిపిత్తే, మిగతా సగం కోసం కొట్టోడి చిత్తుకాగితాలన్నీ తిరగేసేను.

మోటార్లాడేవేళ మా ఊళ్లో కరెంటు బుడ్డిదీపంలాగ అయిపోతాది, ఆ ఓల్టేజికి బొమ్మ నిలబడతాదా? సముద్రపు ఉప్పుగాలికి లోపల తీగలు తుప్పట్టవా? గేరంటీ కాగితం మీద సంతకం నీదా, కంపెనీదా? అన్నీ అడిగేను. పెళ్లిసూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలడగరు అప్పా అన్నావు నువ్వు. అవును. నా పెళ్లిసూపుల్లో నన్నెవరూ అడగనివ్వలేదు. అందుకే ఇక్కడ అడిగేను.

పదమూడోది మాత్రం అడగలేదు. మా ఊళ్లో ఇది ఏ బాస మాటాడతాది అని.

ఏ పేపర్లోనూ రాయలేదు మరి. అవి రాసేవాళ్లు బెజవాడలో కూకుని రాత్తారు. బెజవాడలో గొడుగు ఊస పైకెత్తినా తెలుగే పడతాది. ఆళ్లకేటి తెల్సు, ఉద్దానంలో యాంటెన్నా మూరెడు ఇటు తిప్పితే ఒక రాష్ట్రం, మూరెడు అటు తిప్పితే ఇంకో రాష్ట్రమని?

ఊళ్లో అడగాల్సిందా? ఎవర్ని? మా ఎదురింటి జోగమ్మ మేడ మీద పెద్ద డిష్షుంది, దానికి అన్ని బాసలూ వత్తాయి. ఊసల యాంటెన్నా మా వీధిలో నాదే మొదటిది. పక్క వీధికెళ్లి అడుగుదామంటే, నాకు మాటలున్న ఇళ్లు తక్కువ. నా నోరు అలాటిది, నీకు తెల్సు కదా.

నీ షాపులో టీవీలన్నీ తెలుగే మాటాడేయి. అది కేబులని, గోడలోంచి వచ్చే తీగ మహిమని నాకేటి తెల్సు?

ముందు రంగులది సూపించేవు. పద్నాలుగంగుళాలు, తొమ్మిది వేలు. వాయిదాల్లో కట్టుకో అప్పా అన్నావు. నా సంచిలో ఉన్నవి అయిదువేలు, రెండేళ్లు తోటలో నడుం వంచి ఏరిన జీడిపిక్కల డబ్బు. మా ఆయన వైకుంఠరావు ఆ రంగులకేసి నోరు తెరుసుకుని సూత్తన్నాడు, సినిమా హాల్లో పిల్లోడిలాగ. నేను ఆ మూలనున్న నలుపూ తెలుపూది తియ్యమన్నాను. ఆయన మొహం ఇంతయిపోయింది.

రంగులెందుకు నాకు? నాకు కావాల్సింది మాట.

అవును, మాట. నీకెప్పుడూ సెప్పలేదు కదూ. నా కూతురు అశ్విని కడుపులో ఉన్నప్పుడు ఒక ఉద్యోగానికి పిలిస్తే ఎళ్లేను. పల్లెలో సిన్నపిల్లలకి పాఠాలు సెప్పే పని. ఏడో తరగతితో బడి మానేసినా, లైబ్రరీ పుస్తకాలు అట్టలూడేదాకా సదివినదాన్ని. ఆళ్లడిగినవన్నీ నాకు తెల్సు. నోరు తెరిసి, "సెప్తాను సార్" అన్నాను. అంతే. బల్ల అవతల ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకున్నారు. ఆ తరవాత నేనేటి సెప్పినా ఆళ్లు ఇన్లేదు. నా నోటికేసి సూసేరు, మళ్లీ ఎప్పుడు జారుతాదా అని.

పుస్తకం సదవడం నేర్పుతాది తమ్ముడూ, పలకడం నేర్పదు. ఇంట్లో ఒక్కదాన్నే కూకుని వెయ్యి పుస్తకాలు సదివినా నా నోరు నా నోరే.

నా కూతురికి ఇప్పుడు పదమూడేళ్లు. అది ఏ బల్ల ముందూ నాలాగ నిలబడకూడదు. రోజూ అరగంట తెలుగు వార్తలు ఇంటే సాలు, ఆ సదివే ఆవిడలాగ దాని మాట తిన్నబడతాది. అదీ నా ఆలోసన. ఆ అరగంట కోసం అయిదువేలు.

సరే, ఇంటికి పట్టుకెళ్లేం. ఇంటెనక కొబ్బరిసెట్టెక్కి, మట్టల కింద నువ్విచ్చిన ఊసలకర్ర కట్టేడు మా ఆయన. ఇశాపట్నం వైపు తిప్పేడు. సుక్కలు. ఇంకాస్త తిప్పేడు. సుక్కల మధ్యలో ఒక మనిసి నీడ, గొంతు బావిలోంచి వచ్చినట్టు. మూడు రోజులు ఎక్కడం, దిగడం. జోగమ్మ మేడ మీంచి వంగి, "వైకుంఠరావూ, కాయలు కోత్తన్నావా, వార్తలు కోత్తన్నావా" అని అడిగింది. వీధి వీధంతా ఇంది.

నాలుగోనాడు మజ్జాన్నం సముద్రం మీంచి గాలి లేచింది. సెట్టు ఊగింది, కట్టు వదులై కర్ర దానంతటదే తిరిగిపోయింది. ఒరిస్సాలో బరంపురం వైపు. సుక్కలన్నీ పోయి బొమ్మ అద్దంలాగ నిలబడింది.

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేను. ఒక ఆడమనిసి ఏదో సెప్తన్నాది. ఒక్క ముక్క తెలిత్తే ఒట్టు. మా టెక్కలోళ్లకి ఒరియా ఎక్కడొచ్చు? కింద అక్షరాలొచ్చేయి, అన్నీ గుండ్రంగా, ఒక్కోదాని నెత్తిన ఒక్కో గొడుగు. కాగితం ముక్క కనిపిత్తే సదవకుండా వదలని నేను, నా ఇంట్లో, నా డబ్బుతో కొన్న టీవీ ముందు, అక్షరమ్ముక్క రాని అప్పలమ్మలాగ నిలబడిపోయేను.

అప్పుడు లేచింది మా అత్త.

ఆవిడ సంగతి నీకు తెల్దు. పేరు కమల. బరంపురం అవతల పల్లె. మా మావ కొబ్బరికాయల లారీలతో అటెళ్లేవోడు, అక్కడే పెళ్లాడి తెచ్చుకున్నాడు. మావ పోయి పదకొండేళ్లు. ఆవిడ వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాది. పెట్టింది తింటాది, పిలిత్తే ఊఁ అంటాది. ముసలిదానికి మతి మందగించిందని ఊళ్లో అంటారు. నేనే అన్నాను ముందు. తరవాత ఆళ్లన్నారు.

టీవీలో ఏదో నాటకం. ఒక తల్లి కూతుర్ని పిలుత్తన్నాది, "కొమొలా" అని. ఆళ్లు కమలని అలాగే పలుకుతారంట. రెండోసారి పిలిసింది. మా అత్త కర్ర కూడా తీసుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ ఊళ్లో ఆ పేరుతో అలాగ పిలిసినోళ్లు లేరు.

వచ్చి నేల మీద కూకుంది. నవ్వింది. టీవీతో మాటాడింది తమ్ముడూ! పక్కింటి మనిసితో మాటాడినట్టు. ఆ నాటకంలో కోడల్ని తిట్టింది గావాల, మద్దిలో ఒకసారి నా వైపు సూసింది.

"ఏటంటన్నారత్తా?" అని అడిగేను. పద్దెనిమిదేళ్ల కాపరంలో ఆవిణ్ని నేను ఒకటి అడిగి తెల్సుకోబోవడం అదే మొదలు.

"నీకు తెల్దులే" అంది. తెలుగులోనే అంది, ఒక్క తప్పు లేకుండా.

కోపం రాదేటి మరి?

ఇంకా ఉంది, ఇను. అశ్విని బడి నుంచి వచ్చి తెలుగు వార్తలకి కూకోవాలా? పుస్తకాల సంచి గుమ్మంలో పారేసి నాయనమ్మ పక్కన సేరతాది. "ఆ, బొస్" అంటాది ఆవిడ, రా కూకో అని. ఇది అర్థమడుగుతాది, ఆవిడ సెప్తాది, ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. నేను గదిలోకెళ్తే ఆపేత్తారు. మొన్న నా కూతురు ఆవిణ్ని నాయనమ్మా అనకుండా ఆళ్ల బాసలో జేజేమా అని పిలిసింది. తెలుగు తిన్నగా పలకాలని నేను అయిదువేలు పోత్తే, అది ఒరియా తిన్నగా పలుకుతన్నాది!

అందుకే ఇల్లు పీకి పందిరేసేను. బూస్టరు కొను, ముప్పై అడుగుల గొట్టం పాతు, తెలుగు తే అని. మా ఆయన సెవులు మూసుకుని, సరేనే తల్లీ అన్నాడు. ఆదివారం వత్తాడు నీ దగ్గరకి. ఈలోగా ధర కనుక్కుని, నాలుగు తిట్టిపోదామని నేనొచ్చేను.

అదేనా బూస్టరు? ఈ డబ్బీయా? ఏదీ, ఇలా ఇయ్యి.

గొట్టం మీద ఇశాపట్నం వైపు బిగించి ఇది పెడితే తెలుగు అద్దంలాగ వత్తాదా? మరి బరంపురం? అది పోతాదా?

పూర్తిగా పోతాదా?

ఊఁ.

ఆ కుర్సీ ఇలా లాగు.

ఒక మాట సెప్తాను, నీ కడుపులోనే పెట్టుకో. అశ్విని ఆవిడ ఒళ్లోనే పెరిగింది. నేను తోట నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఏవో పాటలు, సప్పట్లు. పిల్లకి రెండేళ్లప్పుడు, ఒకనాడు దాహమేసి నా కొంగు పట్టుకుని "పాణి" అంది. నీళ్లు అనలేదు, పాణి అంది. ఆ బల్ల, ఆ ముగ్గురి మొహాలు ఒక్కసారి నా కళ్ల ముందుకొచ్చేయి. ఎళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను.

"నా పిల్ల నోట్లో నీ బాస పెట్టకు. అది నీలాగ నవ్వులపాలవడం నాకిట్టం లేదు" అన్నాను.

నీలాగ అన్నాను సూడు. నాలాగ అనాల్సింది.

ఆవిడ పాట మద్దిలో ఆపేసింది. ఆనాటి నుంచి ఆ నోట ఒరియా ఇన్లేదు, తెలుగూ అవసరానికి నాలుగు ముక్కలే. గోడవైపు తిరిగి పడుకుంది, పదకొండేళ్లు. మతి మందగించలేదు తమ్ముడూ. నేను మూసేను ఆ నోరు.

మా ఆయనకి తెల్దు. ఆవేళ తోటలో ఉన్నాడు. మా మావ పోయిన ఏడే అది, నాయన పోయిన దిగులు అమ్మకింకా తీరలేదని ఈరోజుకీ అనుకుంటాడు. ఆవిడ కొడుక్కి ఒక్క ముక్క సెప్పలేదు. సెప్పుంటే నేను దెబ్బలాడేదాన్ని. దెబ్బలాట నాకొచ్చు. ఈ ఊరుకోడాన్ని మొయ్యడమే నాకు సాతకావట్లేదు.

అందుకని, ఆదివారం ఆయనొత్తే బూస్టరు లేదని సెప్పు. కంపెనీ మానేసిందను. ఉద్దానం గాలికి పనిసెయ్యదను, ఏదో ఒకటను. అబద్దాలు రావని నాతో అనకు, రంగుల టీవీని నాకు అంటగట్టబోయినప్పుడు ఎన్ని వచ్చేయో నేను సూసేను.

నేనే వద్దనచ్చా? మూడు వారాలు పోరెట్టినదాన్ని ఇప్పుడు వద్దంటే ఎందుకని అడగడా? ఎందుకో సెప్పాలి కదా. ఆవిడ పదకొండేళ్లు దాసిన మాట నా నోటితో నేను సెప్పాలి. ఇంత నోరున్నా, అంత నోరు నాకు లేదు.

నా వార్తలంటావా? పేపరుంది కదా. నిన్నటి సంగతి ఈవేళ తెలిత్తే కొంపలేటీ మునిగిపోవు. అశ్విని తెలుగంటావా, ఏమో. దాని బల్ల ముందు అది నిలబడినప్పుడు సూసుకుంటాది.

ఆ డబ్బీ లోపల పెట్టేయి. టీ తెప్పిత్తానన్నావు, తెప్పించు, సక్కెర తక్కువ. నాటకం ఏళకి ఇంటికెళ్లిపోవాలి. ఆళ్లిద్దరూ ముందు కూకుంటారు, నేను ఎనకాల పీటేసుకుంటాను. ఆళ్లు నవ్వుతారు. ఎందుకో అడగను, సెప్పరు కూడా. వెయ్యి పుస్తకాలు సదివి, అయిదువేలు పోసి, నా ఇంట్లో నేనే వేలిముద్రదాన్నయ్యేను.